ముక్కు తరవాత

మా డ్రాయింగ్ టీచర్ మమ్మల్ని గుంటూరు మిర్చి యార్డుకు తీసుకెళ్లి, మిరప టిక్కీ బస్తాలు మోసే హమాలీల బొమ్మలు గీయించేవారు. నేను ముక్కు దగ్గరే ఆగిపోయేవాణ్ణి.

"ముక్కు తరవాత! ముందు నడుం వంపు పట్టుకోరా" అనేవారు.

కొట్టువాళ్ల పిల్లాణ్ణి కదా, బేరం మొదలెట్టేవాణ్ణి. "ఇంకొక్క నిమిషం, టీచర్!"

"నన్నెందుకు, బస్తా మోసేవాణ్ణి అడుగు."

ఆవిడకి బదిలీ అయింది. వెళ్లేలోపు ఆవిడ బొమ్మ ఒక్కటైనా గీసుకోవాలని, కాసేపు కూర్చోమని స్టేషన్లో బతిమాలాను.

"కూర్చుంటే అది నేనెలా అవుతానురా?" అంటూ, ఎప్పట్లాగే భుజం ముందుకు తోసి, కదులుతున్న రైలు వైపు పరుగెత్తారు. బేరానికి టైం లేదు. గీసేశాను.

కొట్లో నాన్న ఆ కాగితం చూసి కంగారుపడ్డాడు. "మీ టీచర్‌గారికి రైలు అందిందా?"

నేనింకా ముక్కు పెట్టనేలేదు.