ఆదివారానికి దాచుకున్న గొంతు

కోరుట్లలో సిరిసిల్ల బస్సెక్కి, కిటికీ వైపు తిరిగి ఏడుస్తున్నాను. పక్కన ఒళ్లో బైబిలుతో కూర్చున్న పాస్టరుగారు మాట్లాడకుండా నీళ్ల సీసా అందించారు. ఆయన భార్య మెల్లగా చెప్పింది.

“అయ్యగారికి గొంతు ఆపరేషన్ అయిందమ్మా. మునుపు గంటలు గంటలు వాక్యం చెప్పెటోళ్లు. ఇప్పుడు ఆదివారం నాలుగు మాటలే. గందుకే వారమంతా నోరు తెరువరు. గా నాలుగు మాటలు మాత్రం సంఘంల ఎవ్వరు మర్చిపోతలేరు.”

వేములవాడలో దిగబోతూ ఆయన నావైపు వంగారు.

“వద్దు, రేపే ఆరాధన గదా!” అంటూ ఆమె ఆయన చెయ్యి పట్టుకుంది.

ఆయన ఆగలేదు. మెడ నరాలు ఉబ్బుతుండగా, గాలిలాంటి గొంతుతో, “దేవుడు నీ ఏడుపు విన్నడు బిడ్డా” అన్నారు.

బస్సు కదిలింది. కళ్లు తుడుచుకుని, ఆయన ఇచ్చిన సీసాలోంచి నీళ్లు తాగాను.