యేసుదానం సారు తెల్లబోవడం

యేసుదానం సారు ఎవరేం చెప్పినా తెల్లబోయేవారు. నోరు తెరుచుకునేది, కళ్ళు పెద్దవయ్యేవి, చెయ్యి నెత్తి మీదికి పోయేది. పక్కన గోడ ఉంటే గోడకు, మనిషి ఉంటే మనిషికి ఆనుకునేవారు. గోదావరిలో నీళ్ళు పెరిగాయన్నా అంతే, క్యాంటీన్‌లో చాయ్ అయిపోయిందన్నా అంతే.

డెబ్బై రెండు వేసవిలో గనుల చదువు చదువుతున్న నన్నూ, నా క్లాసువాడు సదయ్యనూ కాలేజీవాళ్ళు గోదావరిఖనికి శిక్షణకు పంపారు. సెలవులన్నీ బొగ్గుగనిలో పని చూడాలి. చివర్లో మేనేజరు గారు ప్రశ్నలడిగి సంతకం పెడితేనే పై క్లాసు. మాకు పని చూపించే బాధ్యత ఓవర్‌మన్ యేసుదానం గారిది. ఆ షిఫ్టులో గని లోపలున్న అందరికీ ఆయనే పెద్ద. మేం కాలేజీ నుంచి వచ్చామనగానే ఆయన నెత్తిన చెయ్యి పెట్టుకుని బెంచీ మీద కూలబడ్డారు.

"సదువుకున్నోళ్ళు బాయిల దిగుతరా?"

గనిని అక్కడ బాయి అంటారు. దిగాక, పైకప్పు కింద నిలబెట్టిన కర్రలు చూపించి అవెందుకని అడిగారు. కప్పు కూలకుండా అని నేను పుస్తకంలో ఉన్నట్టే చెప్పాను. కప్పు కూలుతుందా అని ఆయన గాభరాగా పైకి చూసి రెండడుగులు వెనక్కి వేశారు. ఆయన కంటే నేనే ఎక్కువ హడలిపోయాను. మా ప్రాణాలు ఈయన చేతిలో ఉన్నాయి, ఈయనకేమో కప్పు కూలుతుందన్న సంగతే తెలియదు. పైకి రాగానే బొగ్గు నింపే రాజంతో మొరపెట్టుకున్నాను. ఆయనకు అన్నీ కొత్తేనని చెప్పి, అతను నవ్వుకుంటూ బీడీ ముట్టించుకున్నాడు.

సదయ్య సంగతి వేరు. మందమర్రి పక్క పల్లె వాడిది. రాతపరీక్షలో ముందుండేవాడు గానీ పెద్దవాళ్ళ ముందు నోరు పెగిలేది కాదు. నోటి పరీక్షలో ఒకసారి తప్పాడు. ఈసారీ తప్పితే చదువు మాన్పించి నాగలి పట్టిస్తానని వాళ్ళ నాయన ఆగయ్య గట్టిగా చెప్పి పంపాడు.

అలాంటివాడు యేసుదానం సారు ముందు మాట్లాడటం మొదలుపెట్టాడు. మీరు ఒక్కమాటంటే ఎదుటివాడు పిడుగు పడ్డట్టు చూస్తే, మీకు మాత్రం ఇంకోమాట అనాలనిపించదా? గనిలోకి గాలి ఒక దారిన వచ్చి ఇంకో దారిన పోతుందని వీడు సుద్దముక్కతో నేల మీద గీసి చూపిస్తే, గాలికి కూడా తోవ ఉంటుందా అని సారు బొగ్గు తట్ట మీద చతికిలబడ్డారు. మరి గాలిని మళ్ళించడానికి నడుమ పెట్టిన తలుపు మూయడం మరిచిపోతే గాలి ఎటు పోతుందని అడిగారు. సదయ్యకు తెలియలేదు. మర్నాడు ఆ తలుపు దగ్గరే తచ్చాడి, కనపడ్డవాళ్ళందరినీ అడిగి తెలుసుకుని, రొప్పుతూ వచ్చి చెప్పాడు. సారు మళ్ళీ తెల్లబోయారు.

ఒకరోజు పొద్దుటి షిఫ్టులో సదయ్య ఏదో వివరిస్తుండగా వాడి భుజం మీద ఇసుక రాలింది. సారు వేలెత్తి ఆపారు. చేతికర్రతో కప్పును తట్టారు. డొల్ల చప్పుడు వచ్చింది. ఆయన నోరు మూసుకుపోయింది. ఆ మొహం నేనెప్పుడూ చూడలేదు.

"పని ఆపుండ్రి. సామాన్లు ఆడనే ఉండనియ్యుండ్రి. నడువుండ్రి."

గొంతు పెంచలేదు. ఒక్కొక్కరి భుజం తట్టి ముందుకు పంపి, చివర్న తాను కదిలారు. మేం మలుపు తిరిగామో లేదో, వెనక కప్పు కూలింది. దుమ్ములో దీపాలు కనపడలేదు. ఎవరికీ ఏమీ కాలేదు గానీ, ఆ రోజు గోడకు ఆనుకున్నది నేను. సారు మాత్రం చాయ్‌కి ఆలస్యమైనట్టు మొహం తుడుచుకున్నారు.

సదయ్య వణుకుతున్నాడు, మాట రావడం లేదు. సారు వాడినొకసారి చూశారు. మెల్లగా ఆయన నోరు తెరుచుకుంది, చెయ్యి నెత్తి మీదికి పోయింది.

"గా సప్పుడేంది బిడ్డా? ఏమైంది?"

వాడు తడబడుతూ మొదలుపెట్టాడు. ఇసుక ఎందుకు రాలింది, కర్రకు ఆ చప్పుడు ఎందుకొచ్చింది, బరువు ఎటు ఒరిగింది, అన్నీ చెప్పుకొచ్చాడు. చెప్పడం పూర్తయ్యేసరికి వణుకు తగ్గింది. ఆయన తెల్లబోవడం కావాలని చేసేదేనని నాకు అప్పుడు అర్థమైంది.

సెలవుల చివర్లో మేనేజరు గారు కప్పు గురించే అడిగారు. ఈసారి నోరు తెరుచుకుని వినడం ఆయన వంతైంది. సదయ్య ఆగితే కదా, సంతకం పెట్టి ఆయనే వాణ్ణి ఆపారు.

వెళ్ళేముందు సారు మమ్మల్ని క్వార్టర్‌కు భోజనానికి పిలిచారు. మీవారు ప్రతిదానికీ తెల్లబోతారని నేనంటే, వాళ్ళావిడ సుగుణమణి గారు వడ్డించడం ఆపి నన్ను వింతగా చూశారు.

"ఈయననా? దవాఖానల నాకు కవలలు పుట్టిండ్రని నర్సమ్మ చెప్తె, మంచిదని డ్యూటీకి పోయిండు."

మాతో ఎందుకిలా చేశారని సదయ్య అడిగాడు. సారు అన్నం కలుపుతూ చెప్పారు.

"నేను చెప్తె మీరు వింటరు, మరుస్తరు. నాకు తెల్వదంటె మీరే తెల్సుకొని వస్తరు. నోరు రానోనికి గట్లనే ఇంకా మంచిది."

సదయ్య తల వంచుకుని అన్నాడు. "కాకా, చదువు అయినంక నేను ఈ బాయికే వస్త. మీకు ఆఫీసర్‌నైనా, పని మీరే నేర్పాలె."

సారు చేతిలో ముద్ద అక్కడే ఆగింది. నోరు తెరవలేదు, నెత్తిన చెయ్యి పెట్టుకోలేదు. భార్య వైపు తిరిగి, మా ఆఫీసర్ సారు విస్తరిలో కూర అయిపోయింది చూడమన్నారు.