నాతాల్ కథల పెద్దబాపు

మా పక్కింటి పెద్దబాపు పోయాడు. మొన్న మంగళవారం పొద్దున, నేను పనిచేసే స్కూలు లైబ్రరీలో పిల్లలకు సెలవుల కోసం క్రిస్మస్ నవలలు వేరుచేస్తుంటే పెద్దమ్మ ఫోన్ చేసింది. "మీ పెద్దబాపు లేస్తలేడు బిడ్డా" అంది. చేతిలో ఉన్న పుస్తకం అట్ట మీద మంచు కప్పిన ఇల్లు, కిటికీలో దీపం. ఆ బొమ్మను చూస్తే నాకు ఒళ్లు మండింది. ఎందుకో చెప్తాను.

ఆయనకూ మాకూ చుట్టరికం లేదు. సూరత్‌లో ఒకే గోడకు అటు వాళ్ల గది, ఇటు మా గది. రెండు కుటుంబాలూ కరీంనగర్ వైపు నుంచి సాంచాల మీద పనికి వచ్చినవే. సాంచాలంటే పవర్‌లూమ్‌లు. ముప్పై ఏళ్లు వాటి చప్పుడులో నిలబడితే చెవులేం మిగులుతాయి? నేను ఆ నవలలు ఇంటికి తెచ్చుకుని గడప మీద కూర్చుని చదువుతుంటే ఒక సాయంత్రం అడిగాడు. "గంతగనం నవ్వుకుంట ఏం సదువుతున్నవే? జర మాకు గూడ చెప్పు."

అలా మొదలైంది. ఇంగ్లీషులో ఒక పేజీ చూసుకోవడం, మన మాటల్లో చెప్పడం, అదీ గొంతు చించుకుని. చీరలకు రాళ్లంటించే ఆడవాళ్లు పని చేతబట్టుకుని మా గడప ముందుకే వచ్చేవాళ్లు. ఇక్కడి పిల్లలు క్రిస్మస్‌ను గుజరాతీలో నాతాల్ అంటారు. వాళ్ల నోట్లో ఆయన నాతాల్ కథల పెద్దబాపు అయిపోయాడు.

కథ మొదలుపెట్టకముందే, "ముందుగాల ఆఖరు చెప్పు. అందరు మంచిగుంటరా?" అనేవాడు.

"ఆఖరు చెప్తే ఇంకేముంటది పెద్దబాపూ?"

"నడ్మల ఏడ్సుడు ఉంటది గద. ఆఖరు మంచిదని తెలిస్తే నిమ్మళంగ ఏడ్వొచ్చు."

వింటున్నంతసేపూ బొటనవేలూ చూపుడువేలూ కలిపి, తెగిన దారాన్ని ముడి వేస్తున్నట్టు ఆడిస్తూనే ఉండేవాడు. కథలో ముసలమ్మ నెలంతా ఒక్క స్వెటరే అల్లిందంటే నవ్వేవాడు. "మా సేటు చూస్తే మొదటి దినమే ఛుట్టీ ఇచ్చి పంపుతుండె!" స్కూల్లో పిల్లలు ఈరోజు నా చుట్టూ చేరి కథలు వింటున్నారంటే, ఆ చెప్పడం నాకు వచ్చింది ఆయన ముందు అరిచి అరిచే.

ఆయనకొక తమ్ముడున్నాడు, సూరత్ పక్కనే ఉన్న సచిన్ అనే ఊళ్లో. పన్నెండేళ్ల కింద అన్నదమ్ములిద్దరూ ఒకే షెడ్డులో పని చేస్తున్నప్పుడు, ఊళ్లో తల్లి పోయిందని పెద్దబాపుకు ఫోన్ వచ్చింది. సాంచా మీద ఉన్న తమ్ముడికి ఆ మాట చెబితే చెయ్యి ఎక్కడ పెడతాడోనని భయపడి, షిఫ్టు అయ్యేదాకా ఆగాడు. ఆ రోజు రైలు తప్పింది. వాళ్లు చేరేసరికి తల్లి దహనం అయిపోయింది. "నీకు అమ్మకన్నా సాంచా ఎక్కువాయె" అన్నాడు తమ్ముడు. అదే ఆఖరి మాట.

నవలల్లో ఎవరో ఒకరు క్రిస్మస్ నాడు విడిపోయినవాళ్ల తలుపు కొడతారు, తలుపు తెరుచుకుంటుంది. మూడేళ్ల కింద క్రిస్మస్ నాడు అలాంటిదొకటి చెప్పి, "నువ్వు గూడ పోయి రారాదు?" అన్నాను. నేనే కేకు తెచ్చి ఇచ్చాను.

"నువ్వు గూడ రా బిడ్డా" అన్నాడు.

"కథలల్ల ఎవ్వరు తోడు తీస్కపోరు పెద్దబాపూ" అన్నాను.

మధ్యాహ్నానికల్లా కేకు డబ్బా విప్పకుండానే తిరిగి వచ్చాడు. "కొట్టిన. తియ్యలే" అన్నాడు. కేకు ముక్కలు కోసి పిల్లలకు పంచాడు. నాకు ఏడుపొచ్చింది. నన్ను చూసి, "కథలల్ల తలుపు తీసేది రాసినోడు. ఈడ ఎవరి తలుపు వాళ్లదే" అని మాట మార్చేశాడు. తర్వాతి డిసెంబరులో ఆ పుస్తకాలు ఇంటికి తేవడానికి నాకు మనసు రాలేదు. ఆయనే వచ్చి అడిగాడు, "ఈసారి ఏం తెచ్చినవ్?" అని. ఆ తమ్ముణ్ని మూడేళ్లూ నేను మనసులో తిడుతూనే ఉన్నాను.

మంగళవారం కబురు పంపితే తమ్ముడు వచ్చాడు. అన్న తల దగ్గర కూర్చుని నోట్లో నోట్లో ఏదో అంటున్నాడు. పెద్దమ్మ అలవాటు కొద్దీ, "జర గట్టిగ చెప్పయ్యా, ఆయనకు ఇనరాదు" అంది. అని, తనే నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

తమ్ముడు తల ఎత్తాడు. "చెవులు పోయినయా? ఎప్పటి సంది?"

"ఐదారేండ్లాయె."

తమ్ముడు నా వైపు తిరిగి చెప్పాడు. "నాతాల్ నాడు వచ్చిండు. కిటికీల నుంచి చూసిన. బనీను మీదున్న. 'ఆగన్నా, వస్తున్న' అన్న. అంగీ తొడుక్కొని తలుపు తీసేటాళ్లకు గల్లీ మలుపు కాడున్నడు. పిలిచిన. మర్లి చూడలే. ఇంకా కోపం పోలేదనుకున్న."

పెద్దబాపుకు వినపడదని నాకు తెలుసు. రమ్మని నోరు తెరిచి అడిగాడు కూడా. వెళ్లి ఉంటే ఆ పిలుపు నాకు వినపడేది. కథ చెడిపోతుందని నేను వెళ్లలేదు.

తమ్ముడు కిందికి వంగి, రెండు చేతులూ అన్న చెవి చుట్టూ అడ్డం పెట్టి, "అన్నా, ఆగు, వస్తున్న" అని అరిచాడు. పై అంతస్తు వాళ్లు బయటికి వచ్చి కిందికి చూశారు. తమ్ముడు ఊపిరి పీల్చుకుని ఇంకా గట్టిగా అరిచాడు.