జీపు ముందు బిందెలు
మేయర్ పదవి దిగాక, నగరాలకు నీటి విధానం ఎలా ఉండాలో ఊరూరా చెబుతున్నాను. ఈ రోజు ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయిలో, క్యాంప్ 2 అనే బస్తీలో మాట్లాడి బయటికొచ్చేసరికి నా జీపు ముందు సందు పొడవునా బిందెలు బారులు తీరి ఉన్నాయి. కాస్త జరపమన్నాను.

"జరిపితే నంబర్ పోతాది బాబూ. నల్లా వచ్చీదాకా కూకోండి," అంది విజయనగరం నుంచి వచ్చి ఇక్కడే ముసలిదైన అప్పయ్యమ్మ. "ఇన్ని తెలిసినోరు, మేయర్‌గా ఉన్నప్పుడు ఏటి సేసినారు?"

వెనక గోడ, ముందు బిందెలు. రెండు గంటలు ఆవిడ పక్కనే అరుగు మీద కూర్చున్నాను. మా ఊళ్ళో పేదల పేటలకు రోజుకు అరగంట నీళ్ళు చాలని సంతకం పెట్టింది నేనేనని చివరికి ఒప్పుకున్నాను. ఆవిడ కాస్త జరిగి, నాకు నీడలో చోటిచ్చింది.

తిట్టినా బాగుండేది. ఆవిడ అడిగినదానికి మీరైతే ఏం చెప్పేవారు?