జింక చెవిలోని పిడుదులు

పెద్దకడుబూరు దగ్గర పత్తి చేలో జింక చచ్చి పడి ఉందని అటవీశాఖ గార్డు ఫోన్ చేసేసరికి నేను ఆదోనిలో ఎమ్మిగనూరు బస్సెక్కి కూర్చున్నాను. వెంటనే దిగి ఆటో మాట్లాడుకున్నాను. జింకల ఒంటికి అంటుకుని రక్తం పీల్చే పిడుదుల్లో మనుషులకు జ్వరాలు తెచ్చే బాక్టీరియా ఉందేమో పరీక్షించడం పశువైద్యురాలిగా నేను పెట్టుకున్న పని. ఒళ్లు చల్లబడితే పిడుదులు రాలిపోతాయి, అందుకే ఆ తొందర.

కుక్కలు తరిమితే కంచెలో చిక్కుకున్న మగజింక అది. గ్లవ్స్ వేసుకుని, చెవుల్లోంచి, తొడల సందుల్లోంచి పట్టకారుతో ఒక్కొక్కటే పీకి స్పిరిట్ సీసాల్లో వేస్తున్నాను. చేను రైతు చూస్తూ నిలబడ్డాడు.

"సేనంతా మేసిపోతాండాయమ్మా ఇవి. వీటి పురుగులతో నీకేం పని?"

"వీటివల్ల మనకు జొరాలొస్తాయేమో చూడాలన్నా."

ఆయన దగ్గరికొచ్చి సీసాల్లోకి తొంగి చూశాడు. "మా ఇంట్లో ఆమెకు పదైదు దినాలుగా జొరం. సూదులేసినారు, తగ్గల్యా" అన్నాడు.

"ఒంటి మీద యాడన్నా నల్లగా పెచ్చు కట్టిందా?"

"నేను సూళ్లేదమ్మా."

ఇంటికి వెళ్లి చూశాను. పిడుదు కరిచిన చోట కట్టే పెచ్చు మోకాలి వెనక ఉంది, కాలిన మచ్చలా. ఆమె లేచి కూర్చోలేకపోతోంది. మనుషులకు మందు రాసే అధికారం నాకు లేదు. అదే ఆటోలో ఇద్దరినీ ఆదోని ఆసుపత్రికి తీసుకెళ్లాను.

"పశువుల డాక్టరు చెబితే నేను మందు మార్చాలా?" అన్నాడు అక్కడి డాక్టరు.

"నా మాట మీద వద్దు సార్. ఆ మచ్చ ఒకసారి చూడండి. చూసేదాకా నేనిక్కడే ఉంటాను."

చూశాడు. రక్తం తీయించి, ఫలితం కోసం ఆగకుండా వేరే మాత్రలు రాశాడు. మూడో రోజుకు జ్వరం దిగింది.

ల్యాబులో మాత్రం మొదటి పరీక్ష పాడైంది; పిడుదుల నుంచి డీఎన్ఏ సరిగా రాలేదు. మిగిలిన సీసాలతో మళ్లీ మొదలుపెట్టాను. రెండోసారీ తేలలేదు. మూడోసారి నాలుగు పిడుదుల్లో బాక్టీరియా కనిపించింది. ఆమె రక్త పరీక్ష కూడా పిడుదుల జ్వరమనే చెప్పింది. ఆమెకు అంటించింది జింక పిడుదో, గొర్రె పిడుదో నేను చెప్పలేను. అది తేల్చడానికే ఇప్పుడు ఆ ఊరి గొర్రెల మంద చుట్టూ తిరుగుతున్నాను.

మొన్న వెళ్తే ఆమె కలుపు తీస్తూ కనిపించింది. పక్క చేలో ఆడవాళ్లకు నన్ను చూపించి, "కాళ్లు సూపియ్యండి, సిగ్గుపడొద్దండి" అని చెప్పింది.