నాలుగు మార్కుల పడవ

వీడియో గేములు ఆడి మార్కులు వేయడం కూడా ఒక ఉద్యోగమేనా అని అద్దె గది చూపించిన యజమాని అడిగినప్పుడు, అరమార్కు అనే మన సమీక్షకుడు ఏమాత్రం తడబడకుండా, ఉద్యోగమేనండీ, నెల నెలా జీతం కూడా ఇస్తారు అన్నాడు. యజమాని నమ్మినట్టు కనిపించలేదు. టీవీ శబ్దం తగ్గించి పెట్టుకోవాలని మాత్రం షరతు పెట్టి తాళంచెవి చేతిలో పెట్టాడు. ఆ రోజుల్లో అతన్ని నమ్మనివాళ్ళలో యజమాని ఒక్కడే కాదు, కన్నతల్లి కూడా ఉంది.

అరమార్కు అనేది ఆఫీసులో పెట్టిన పేరు. ఏ గేముకైనా అతను పదికి ఏడున్నర ఇస్తాడు, లేదా ఆరున్నర ఇస్తాడు, మహా అయితే ఎనిమిదిన్నర. నిండు అంకె అతని చేతినుంచి ఊడిపడేది కాదు. ఏడంటే కోపం, ఎనిమిదంటే మొహమాటం, ఉన్న మాట ఎప్పుడూ ఆ రెంటి నడుమ ఇరుక్కుని ఉంటుందని అతని వాదన. వాదనకు దిగితే అవతలివాళ్ళకు తలనొప్పి వచ్చేదాకా వదిలేవాడు కాదు గనుక, ఎడిటరుతో సహా అందరూ ఆ అరను అరగించుకున్నారు.

ఇప్పుడంటే గేము ఇంకా బజారులోకి రాకముందే వెయ్యిమంది వెయ్యి అంకెలు వేసి పారేస్తున్నారు. అప్పుడు అలా కాదు. నెలకొక పత్రిక, పత్రిక చివరి పేజీలో మార్కులు. కొనే స్తోమత లేని కుర్రకారు పుస్తకాల దుకాణం దగ్గర నిలబడి, ఎవరూ చూడకుండా చివరి పేజీ తిప్పి, అంకెలు కంఠస్థం చేసుకుని పోయేవాళ్ళు. ఒక్కో ఇంట్లో ఏడాదికి ఒక్క గేము కొంటే గొప్ప. ఆ ఒక్కటీ తప్పుడుదైతే ఏడాదంతా దండగే. అందుకే ఆ అంకెకు అంత విలువ. అరమార్కు ఆ సంగతి ఒక్క పూట కూడా మరిచిపోలేదు, అందుకు అతన్ని మెచ్చుకోవాల్సిందే.

అచ్చు యంత్రాలు కింది అంతస్తులో, పత్రిక ఆఫీసు పైన. గేములు ఆడే గదికి ఒక్కటే కిటికీ, దానికి మందపాటి పరదా. గోడవారగా రెండు టీవీలు, ఒకటి పెద్దది, ఒకటి బుల్లిది. పాఠకుల ఇళ్ళలో ఉండేది బుల్లిదే కదా, అందులో అక్షరాలు కనబడకపోతే మార్కు కోసేవారు. నేలంతా వైర్లు, వేడెక్కిన ప్లాస్టిక్ వాసన, కిందినుంచి వచ్చే సిరా వాసన. కంపెనీలు గేము డిస్కును బొమ్మ లేని తెల్ల అట్టలో పెట్టి ముందుగా పంపేవి. సమీక్ష అయిపోగానే తిరిగి పంపేయాలి. ఎంత నచ్చినా అట్టిపెట్టుకోవడానికి లేదు.

ఆ గదిలో ఒక ఆచారం ఉండేది, అది ఇంకే పత్రికలోనూ లేదు. ఆడేవాడు ఒంటరిగా ఆడకూడదు. పక్కన రెండో కుర్చీ వేసి, గేముల ముక్క తెలియని మనిషిని ఒకరిని కూర్చోబెట్టాలి. ఇది ఎడిటరు కనిపెట్టిన పద్ధతి. ఇంట్లో టీవీ ఒకటే, ఆడేది ఒకరు, చూసేది నలుగురు. ఆడేవాడికి ఎలాగూ బాగానే ఉంటుంది. చూసేవాళ్ళు లేచి పోయారంటే అందులో సత్తా లేనట్టే అనేవాడాయన. అందుకని బొమ్మకు, శబ్దానికి, చేతికి లొంగడానికి ఆడేవాడు మార్కులు వేసేవాడు. పట్టు అనే నాలుగో గడి మాత్రం రెండో కుర్చీని చూసి నింపాలి.

ఆ కుర్చీ ప్రూఫ్‌రీడరుది. ఆఫీసంతా ఆవిడను పిన్నిగారు అని పిలిచేది. మధ్యాహ్నం దాకా కళ్ళజోడు ముక్కు కొసకు జార్చుకుని అచ్చుతప్పులు ఏరేది. ఆ తర్వాత పరదా గదిలోకి వచ్చి చేతులు కట్టుకుని కూర్చునేది. కంట్రోలరు ఒక్కసారైనా ముట్టుకోలేదు, ముట్టుకోమన్నా వద్దనేది. ఆవిడ నోటి వెంట వచ్చిన మాటలే అరమార్కు రాతకు ఉప్పూ కారం. ఆ పిల్లాడు పొద్దుటినుంచి పరిగెత్తుతూనే ఉన్నాడు, కాస్త మంచినీళ్ళైనా తాగనివ్వరా అని ఒకసారి అడిగింది. ఇంకోసారి, ఈ రాక్షసుడు ఇందాకటివాడే కదూ, రంగు మార్చి పంపారు అంది. నిజంగానే రంగు మార్చి పంపారు. ఆ వాక్యం ఉన్నదున్నట్టు అచ్చయింది, ఆ కంపెనీవాళ్ళు ఏడాదిపాటు ఉలుకూ పలుకూ లేకుండా ఉండిపోయారు.

ఒక మధ్యాహ్నం పడవ గేము వచ్చింది. శత్రువులు లేరు, ప్రాణాలు పోవడం లేదు, పోటీ లేదు. ఒక ముసలివాడు పడవ మీద ఏటి మొదలు నుంచి ఏటి చివరకు వెళ్ళాలి, అంతే. తెడ్డు వేస్తే ఒక చప్పుడు, తీస్తే ఇంకో చప్పుడు. గట్టు మీద చెట్లు, అక్కడక్కడా దీపం వెలిగిన కిటికీలు. పది నిమిషాలు ఆడి పక్కకు చూస్తే పిన్నిగారి తల భుజం మీదికి వాలిపోయింది. కళ్ళజోడు ఒళ్ళో పడింది. అరమార్కు ఆట సాగించాడు, ఆవిడ కదల్లేదు. సాయంత్రం పడవ సముద్రంలో కలిసేదాకా కదల్లేదు. మూడేళ్ళలో ఏ గేముకూ ఆవిడ కునుకు తీయలేదు, తుపాకుల గేములకు కూడా. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? పట్టు గడిలో గుండుసున్నా చుట్టాడు. మొత్తానికి నాలుగు వచ్చింది, నిఖార్సైన నాలుగు, పక్కన అర కూడా లేదు. రెండో కుర్చీ పది నిమిషాల్లో నిద్రపోయింది, ఇక చెప్పేదేముంది అని ముగించి, ఆ ముగింపును తనే రెండుసార్లు చదువుకుని ముచ్చటపడ్డాడు.

ఆ ప్రూఫు పిన్నిగారి బల్ల మీదికే వెళ్ళింది. తన నిద్ర మీద రాసిన వాక్యాన్ని ఆవిడే దిద్దింది. ఒక చోట దీర్ఘం పోతే పెట్టి, సంతకం చేసి కిందికి పంపించేసింది. విషయంలో వేలు పెట్టడం ప్రూఫ్‌రీడరు పని కాదని ఆవిడ నియమం. పత్రిక వచ్చింది, కుర్రకారు చివరి పేజీ చూసుకున్నారు, పడవ గేమును ఎవరూ కొనలేదు. అరమార్కు ఆ సంగతే మరిచిపోయాడు.

కొన్ని నెలలు గడిచేసరికి ప్రూఫుల్లో తప్పులు దొర్లడం మొదలైంది. ముందు అక్షరాలు జారాయి, తర్వాత ఏకంగా ఒక చెత్త గేముకు వేసిన ఆరున్నర తొమ్మిదిన్నరగా అచ్చయి ఊరి మీద పడింది. కొని మోసపోయినవాళ్ళు ఆఫీసుకు ఫోన్లు చేసి తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టారు. ఎడిటరు మంచివాడే గానీ పత్రిక పరువు పోతుంటే చూస్తూ ఊరుకోలేడు. పిన్నిగారిని పిలిచి, ఇంకో తప్పు దొర్లితే వేరే మనిషిని చూసుకోక తప్పదని నెమ్మదిగానే చెప్పాడు. ఆవిడ తల ఊపి వచ్చి పరదా గదిలో కూర్చుంది. కళ్ళ కింద నల్లగా చారలు. అరమార్కు అప్పుడు చూశాడు వాటిని, అన్నాళ్ళూ పక్కనే కూర్చుని.

"ఒంట్లో బాగోలేదా పిన్నిగారూ?"

"నిద్ర లేదు బాబూ. మీ బాబాయిగారు పోయి ఏడాది దాటింది, అప్పటినుంచీ లేదు. మంచం మీద వాలితే పక్కన ఖాళీయే తెలుస్తుంది. మందులు వాడాను, పుస్తకాలు చదివాను, ఏదీ పనిచెయ్యలేదు." సిగ్గుపడుతున్నట్టు అంది. "ఒక్క పూట నిద్రపోయాను, ఇక్కడే. పడవ గేము పెట్టావు చూడు, ఆ రోజు. ఆ తెడ్డు చప్పుడు, పక్కన మనిషి ఉన్నాడన్న ధైర్యం. లేచాక లోకం కొత్తగా కనిపించింది. అది ఇంకా ఉందా? ఒక్కసారి పెడతావా?"

ఏడాదికి పైగా కంటిమీద కునుకు లేని మనిషిని నిద్రపుచ్చిన గేము అది. నిద్రపుచ్చిందని దానికి సున్నా వేశాడు. ఆవిడ ఆ సున్నాను కళ్ళారా చదివి, దీర్ఘం దిద్ది పంపింది. అతనికి తన మీద తనకే అసహ్యం వేసింది. తెస్తానండీ అని మాత్రం అనగలిగాడు.

అతను జన్మలో గేము కొన్నవాడు కాదు, అన్నీ ఊరికే వచ్చినవే. వెతుక్కుంటూ వెళ్ళి పెద్ద దుకాణంలో పడవ గేము కావాలని అడిగాడు. దుకాణదారు అతన్ని జాలిగా చూశాడు.

"అదెందుకు సార్? పత్రికలో నాలుగే ఇచ్చారు దానికి. ఆ రాసేటాయన అరమార్కు దగ్గర కూడా లెక్క తప్పడు. ఆయన నాలుగన్నాడంటే నాలుగే. వచ్చిన పెట్టె వచ్చినట్టే వెనక్కి పంపేశాం."

అరమార్కు తన పేరు చెప్పుకోలేదు. తన నిజాయితీ గురించి అంత గొప్పగా ఎవరైనా మాట్లాడటం అదే మొదలు, అదే వినలేకపోవడం కూడా మొదలు. ఇంకా నాలుగు దుకాణాలు తిరిగాడు, అన్నిచోట్లా అదే మాట. చివరికి కంపెనీకి ఫోన్ చేశాడు. అటువైపు అమ్మాయి మర్యాదగా, తిరిగొచ్చిన డిస్కులన్నీ నలగ్గొట్టించామని, ఆ గేము తయారుచేసిన కుర్రాళ్ళు వేరే పనులు చూసుకున్నారని చెప్పింది. మీ పత్రిక తిరిగి పంపిన డిస్కు కూడా అందులోనే కలిసిపోయి ఉంటుందండీ అంది.

మర్నాడు మధ్యాహ్నం పిన్నిగారు ఎప్పటిలా వచ్చి కూర్చుంది. అరమార్కు టీవీ పెట్టలేదు. దొరకలేదని, ఎందుకు దొరకలేదో కూడా దాచకుండా చెప్పేశాడు. ఆవిడ కోప్పడితే బాగుండేది. "పోనీలే నాయనా, నువ్వు చూసిందే రాశావు" అని ఊరుకుంది. లేచి వెళ్ళబోతుంటే అతను ఉండమన్నాడు.

ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. మార్కులు వేయడం తప్ప ఇంకో పని రానివాడు. చివరికి గొంతు సవరించుకుని, ముసలాయన పడవెక్కాడండీ అన్నాడు. ఏరు సన్నగా ఉంది, నీళ్ళు అడుగు కనిపించేంత తేటగా ఉన్నాయి. తెడ్డు ముంచాడు, తీశాడు. ఎడమ గట్టు మీద ఒక ఇల్లు, కిటికీలో దీపం ఉంది. లోపల ఎవరో గిన్నెలు కడుగుతున్నారు. ఆ మాట చెబుతున్నప్పుడు అతనికే ఆశ్చర్యం వేసింది, ఆడేటప్పుడు దాన్ని చూసినట్టు కూడా అతనికి తెలియదు. మళ్ళీ తెడ్డు ముంచాడు. ఒక వంపు తిరిగాడు. ఒక్కో వంపూ, ఒక్కో చెట్టూ గుర్తొస్తుంటే, ఇంత బాగుందా ఇది అనిపించింది.

పిన్నిగారు మధ్యలో ఒకసారి, ఆ గిన్నెలు కడిగే ఆవిడకు తోడెవరైనా ఉన్నారా అని అడిగింది. ఉన్నారండీ, పక్క గదిలో ఎవరో దగ్గుతున్నారు అన్నాడు. గేములో అది లేదు. ఆవిడ సరేనన్నట్టు కళ్ళు మూసుకుంది.

ఎడిటరు తలుపు తీసి, ఆరిపోయిన టీవీని, మాట్లాడుతున్న అరమార్కును చూసి ఏదో అడగబోయాడు. అరమార్కు చెయ్యెత్తి ఆపాడు. పిన్నిగారి తల అప్పుడే భుజం మీదికి వాలుతోంది. ఎడిటరు చప్పుడు కాకుండా తలుపు మూసి వెళ్ళిపోయాడు. పడవ సముద్రం దాకా వచ్చేసింది, చెప్పడానికి ఇంకేమీ లేదు. అరమార్కు గొంతు తగ్గించి, ఇంకో వంపు తిరిగాడండీ అన్నాడు.