నాన్నమ్మకి నేనమ్మిన తుప్పు కారు

నా చిన్నప్పుడు మల్కాపురంలో మా చిన్నాన్నకి పాత కార్ల సొట్టలు తీసి రంగులు వేసే షెడ్డు ఉండేది. షెడ్డంటే నాలుగు రేకులూ, వాటిని మోస్తూ విసిగిపోయిన నాలుగు కర్రలూ. విశాఖపట్నంలోని కార్లన్నీ ఎప్పుడో ఒకప్పుడు ఆ రేకుల కింద పడుకుని లేచినవేనని బడిలో చెప్పేదాన్ని. నిజానికి నెలకి మూడొచ్చేవి. సముద్రపు ఉప్పుగాలి మా ఊళ్ళో కార్లని కిందనుంచి తినేస్తుంది. పైన రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది, అడుగు రేకు మాత్రం అప్పడంలా విరుగుతుంది. మా ఇంట్లో అన్నం ఉడికింది ఆ తుప్పు పుణ్యానే.

ఒక వేసవిలో చిన్నాన్న ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టె కోసి, దానిమీద రోడ్డు గీసి మాకో ఆట తయారుచేశాడు. పాత కార్లు కొని అమ్మే ఆట. ఒక్కో కార్డుకి ముందువైపు కారు బొమ్మ, వెనకవైపు దాని చరిత్రా, జబ్బూ, అసలు విలువా. డబ్బుకి బదులు వాడేసిన బస్సు టిక్కెట్లు. గవ్వలు వేసి, ఆగిన గడిలో కారు కొని, దాన్ని ఇంకొకరికి అంటగట్టాలి. కొనేవాళ్ళు మూడు ప్రశ్నలు అడగొచ్చు. అమ్మేవాళ్ళు అబద్ధం ఆడకూడదు. అయితే అడగని సంగతి చెప్పనక్కర్లేదు. ఆఖరికి ఎవరి దగ్గర ఎక్కువ టిక్కెట్లుంటే వాళ్ళే గెలిచినట్టు.

ఆదివారం ఆట అయ్యాక చిన్నాన్న తన డొక్కు కారులో మమ్మల్ని బీచికి తీసుకెళ్ళేవాడు. ముందు సీటు గెలిచినవాళ్ళది. ముగ్గురు పట్టే వెనక సీటులో మిగతా పదకొండుమంది ఇరుక్కునేవాళ్ళు. ఆరుగురే అని మా అమ్మ అంటుంది, ఆమెకి లెక్కలు రావు.

నేను వరసగా నాలుగు ఆదివారాలు గెలిచాను. పూర్ణా మార్కెట్ ఉల్లిపాయల వ్యాపారులు బేరం నేర్చుకోడానికి మా వీధిలో వరసలో నిలబడే రోజు ఎంతో దూరం లేదనుకున్నాను. ఆ నాలుగు ఆదివారాలూ మా నాన్నమ్మ బీచికి రాలేదు. "మీరెల్లి రండి, నాను ఇల్లు సూసుకుంటాను" అనేది. ఇంట్లో చూసుకోడానికి ఒక రేడియో, రెండు బిందెలు ఉండేవి. సముద్రమంటే ఆమెకి ప్రాణమని మా అందరికీ తెలుసు. ఎందుకు రావడం లేదన్న ఆలోచన మాత్రం ఎవరికీ రాలేదు.

ఐదో ఆదివారం నాన్నమ్మ ఆటలోకి దిగింది. కళ్ళజోడు తుడుచుకుని, కొంగు నడుముకి చుట్టి, "ఇయ్యాల ముందు సీటు నాదే. నాను సముద్రం సూడాల" అని చెప్పి మరీ కూర్చుంది. ఆఖరి చుట్టుకి ఆమె అందరికన్నా ముందుంది, ఆమె వెనక నేను. నా చేతిలో ఒకే ఒక కారు మిగిలింది. బొమ్మ నీలంగా ముద్దొస్తోంది. వెనక మాత్రం చిన్నాన్న కోడిగీతల్లో "రంగూ టైర్లూ కొత్తవి. నడిపింది డాక్టరుగారు. అడుగంతా తుప్పు. కాలు పెడితే రోడ్డు తగులుతుంది. విలువ సున్నా" అని ఉంది.

నాన్నమ్మ దాన్ని చూసి ముచ్చటపడింది. రంగు ఎలాంటిదని అడిగింది, కొత్తదన్నాను. టైర్లో? అవీ కొత్తవే. ఇంతకుముందు నడిపినదెవరు? డాక్టరుగారు. ఒక్కటీ అబద్ధం కాదు. తుప్పు మీద బతికే ఇంటి పెద్దావిడ తుప్పు సంగతి మాత్రం అడగలేదు. టిక్కెట్లన్నీ నా ఒళ్ళో పోసి, కార్డు తిప్పి చదువుకుంది.

"తుప్పని సెప్పలేదేటే?"

"నువ్వడగలేదు గదా నాన్నమ్మా."

"మన పిల్లే గదా, అడగాలేటి అనుకున్నాను." కార్డు అట్టమీద పెట్టి లేచింది. "సర్లే, మీరెల్లి రండి."

నేను వెళ్ళి ముందు సీట్లో కూర్చున్నాను. చిన్నాన్న స్టీరింగు ముందు కూర్చున్నాడు గానీ తాళం తిప్పలేదు.

"నాను గూడా మూడడుగుతాను, అబద్దమాడకు" అన్నాడు. "నీ కాళ్ళు కింద ఆనతన్నాయా?"

"లేదు."

"ఎనక కూకుంటే నీకు మోకాళ్ళు నొప్పెడతాయా?"

"నాకెందుకు నొప్పెడతాయి."

"మీ నాన్నమ్మ ఇన్ని వారాలుగా ఎందుకు రానంటందో అడిగావా?"

లేని ఇంజన్ల గురించి, లేని బ్రేకుల గురించి వారానికి నూటయాభై ప్రశ్నలు వేసేదాన్ని. వంటింట్లో ఉన్న మనిషిని ఒక్కటీ అడగలేదు. దిగి లోపలికి వెళ్ళాను. నాన్నమ్మ చేటలో పప్పు ఏరుతోంది. ఎందుకు రావని అడిగాను.

"మోకాళ్ళే. ఎనక మీ మజ్జిన ముడుసుకోలేను" అంది చేటలోంచి తలెత్తకుండా. "ముందైతే కాళ్ళు జాపుకోవచ్చు. గెలిసినోళ్ళ సీటు ఊరికే ఇమ్మని ఎలాగడగను?"

ముందు సీటు నీదే, చీర మార్చుకో అన్నాను. ఆమె చేట పక్కన పెట్టి, "అయితే ఆ తుప్పు కారు ఎనక్కి తీసుకుంటావేటి?" అంది. తీసుకున్నాను.

దారి పొడుగునా ఆమె కాళ్ళు జాపుకుని, ముప్ఫై ఏళ్ళుగా కార్లు నడుపుతున్న కొడుక్కి డ్రైవింగు నేర్పింది. నేను వెనక ముగ్గురి కింద ఉండి విన్నాను. బీచిలో ఆమె కారు దిగలేదు. తలుపు తెరిపించుకుని, పాదాలు బయటపెట్టి, అలల్ని చూస్తూ కూర్చుంది.

నాకిప్పుడు యాభై దాటాయి. ఎవరైనా "మీరు వెళ్ళి రండి, నేనుంటాను" అంటే ఆ ఉండిపోవడం ఎందుకో తెలిసేదాకా గుమ్మం దాటను. దీనివల్ల మావాళ్ళు రెండు పెళ్ళిభోజనాలూ, ఎలమంచిలి వెళ్ళే ఒక రైలూ పోగొట్టుకున్నారు. ఆ రైలు పోయిన రోజునే మా అత్తగారికి చెవులు సరిగా వినపడటం లేదనీ, నలుగురిలో తెల్లమొహం వెయ్యలేక ఇంట్లో ఉండిపోతున్నారనీ తెలిసింది. తరవాతి రైల్లో ఆవిణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, ఎవరేమన్నదీ చెవిలో అరిచి చెబుతూ తీసుకెళ్ళాను. ఆ పెట్టెలో ఎక్కినవాళ్ళందరికీ మా ఇంటి సంగతులు తెలిసిపోయాయి. ఇన్నాళ్ళకి మా అత్తగారికి కూడా.